డౌన్‌లోడ్ కాని గొంతు

డిపో వెనక వీధి

గౌరవనీయులైన ఆడపడుచు గారికి,

మొన్న నేను మాట్లాడుతుండగానే తమరు ఫోన్ పెట్టేశారు. అందుకని ఉత్తరం రాస్తున్నాను. కాగితాన్ని మధ్యలో కట్ చేయడం కుదరదు. చించి పారేయొచ్చు, కానీ చించే ముందు మొత్తం చదువుతారని నాకు తెలుసు. తమరికి ఆత్రం ఎక్కువని మీ అన్నయ్యే చెప్పేవారు, ఆయన చెప్పగలిగిన రోజుల్లో.

తమరి కంపెనీ వారి సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఆగిపోయింది. ఈసారి ఎనభై ఆరు శాతం దగ్గర. పొద్దున షాపుకి వెళ్ళేటప్పుడు ఆకుపచ్చ గీత చక్కగా సాగుతోంది. సాయంత్రం ప్యాంట్ల అంచులు కుట్టీ కుట్టీ నడుం పట్టేసి ఇంటికొస్తే గీత లేదు. మళ్ళీ మొదటికొచ్చింది. ఇది ఎన్నోసారో లెక్కపెట్టడం మానేశాను.

ఒకటి గుర్తు చేస్తాను, ఏమీ అనుకోకండి, అనుకున్నా పర్వాలేదు. ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేసిన మనిషి కంప్యూటర్లో టైప్ చేస్తే చాలు, తన పాత గొంతుతోనే మాట్లాడొచ్చని ఆశ పెట్టింది తమరు. డిపో వాళ్ళ కాళ్ళావేళ్ళా పడి ఆయన పాత అనౌన్స్‌మెంట్ల టేపులు తెచ్చి పంపింది నేను. వాటితో మీవాళ్ళు గొంతు తయారు చేశారు. సంతోషం. చేసిన గొంతు మా ఇంట్లోకి రావద్దూ? అంత లావు ఫైలు తయారు చేసేటప్పుడు, మా వీధిలో నెట్ నత్త నడక నడుస్తుందని అక్కడ ఏసీ గదిలో ఒక్కరికీ తట్టలేదా?

డిపో మేనేజరు నెలాఖరు దాకా ఆగుతానన్నాడు. ఈలోగా గొంతు వస్తే మైకు ముందు కుర్చీ మీ అన్నయ్యదే. రాకపోతే పార్సిల్ గోడౌన్‌లో మూటలు ఎత్తించే పని. ఇన్నేళ్ళు ఈ ఊరి బస్సులన్నిటినీ నోటితో నడిపిన మనిషి మూటల మధ్య నోరు మూసుకుని కూర్చోవాలి. మూసుకునే పని కూడా లేదులెండి, అది ఎప్పుడో అయిపోయింది.

ఒక పెన్ డ్రైవ్‌లో వేసి పోస్టులో పడేస్తే తమరి సొమ్మేం పోతుంది?

ఇట్లు,
మీ అన్నయ్య భార్య

*

ఆఫీసు, నాలుగో అంతస్తు

వదినకి,

"తమరు" అని తిడితే తిట్టు కాకుండా పోదు. మామూలుగానే తిట్టు, నాకు అలవాటే. రోజంతా చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని ముక్కూ మొహం తెలియనివాళ్ళ చేత తిట్లు తినడమే నా ఉద్యోగం. "మీ సాఫ్ట్‌వేర్ తగలెయ్య" అని ఒకాయన పొద్దున్నే మొదలుపెట్టాడు. మధ్యాహ్నం బల్ల మీద చూస్తే నీ ఉత్తరం. ఇక ఇంటికెళ్ళి అద్దం ముందు నిలబడి నన్ను నేను తిట్టుకుంటే లోటుండదు.

ఫోన్ ఎందుకు పెట్టేశానో కూడా రాస్తే బాగుండేది. "మీ అన్నయ్య మీద నీకు ప్రేమ ఉంటేగా" అన్నావు. అది విన్నాక ఫోన్ పట్టుకుని ఉండమంటావా? నన్ను పెంచింది ఆ గొంతే వదినా. నాకు జ్వరమొస్తే పక్కన కూర్చుని రాబోయే బస్సుల పేర్లన్నీ పాటలా చదివి నిద్రపుచ్చేవాడు.

పెన్ డ్రైవ్ సంగతి. కుదరదు. మనిషి గొంతు అంటే సంతకం కన్నా ఎక్కువ. దొంగ చేతిలో పడితే ఆయన గొంతుతో ఎవరికైనా ఏమైనా చెప్పొచ్చు. అందుకే ఎవరి గొంతు వాళ్ళ ఇంటి లైన్ మీద, వాళ్ళ కంప్యూటర్‌లోకే దిగుతుంది. నేను కాపీ తీసిన రోజే నా కుర్చీ కూడా పోతుంది. అప్పుడు ఇద్దరం గోడౌన్‌లో మూటలు ఎత్తొచ్చు.

తెగితే మొదటికి ఎందుకొస్తుందో అడగలేదు నువ్వు, అడగకుండా తిట్టావు. మీ లైన్ తెగి మళ్ళీ కలిసిన ప్రతిసారీ నెట్‌లో మీ ఇంటికి కొత్త నంబరు వస్తుంది. మా సర్వర్ ఎవరో కొత్తవాళ్ళు వచ్చారనుకుని మొదటి నుంచి పంపుతుంది. ఇది తెలివితక్కువ పద్ధతి అని మా పైవాళ్ళతో పోట్లాడాను. "అది భద్రత కోసం" అన్నారు. ఇంకాస్త పోట్లాడితే నా కుర్చీ సంగతి గుర్తు చేశారు. కాబట్టి మనకున్న దారి ఒక్కటే. ఒకటిన్నర రోజు పాటు ఆ లైన్ తెగకూడదు.

గాలిలో వచ్చే వైఫై కట్టేసి, మోడెం నుంచి కంప్యూటర్‌కి నేరుగా వైరు పెట్టు. కంప్యూటర్ తనంతట తాను నిద్రపోకుండా సెట్టింగ్ మార్చు. అది తెర వెనక దించుకునే అప్‌డేట్లన్నీ ఆపెయ్. మీ సెల్‌ఫోన్లు ఆ నెట్ తాగకుండా చూడు. ఆఖరి ముఖ్యమైన మాట, ఆ లైన్‌కి పాత ఫోన్ ఏదైనా తగిలించి ఉంటే పీకెయ్. మీ పాత వైర్ల మీద ఫోన్ ఎత్తితే చాలు, నెట్ తెగుతుంది.

నేను ముద్దొచ్చినప్పుడు నువ్వు పిచ్చుక అని పిలిచే,
ఆడపడుచు

*

డిపో వెనక వీధి

ఆడపడుచుకి,

"గారు" తీసేశాను. కోపం మాత్రం అక్కడే ఉంది.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. వైరు పెట్టాను. నిద్ర ఆపాను, దానిదీ నాదీ. అప్‌డేట్లు ఆపడానికి ఎక్కడెక్కడో నొక్కితే తెర మీద అక్షరాలన్నీ చీమల్లా అయిపోయాయి, మళ్ళీ పెద్దవి చేయడానికి సగం రోజు పట్టింది. పాత ఫోన్ ఎప్పుడో తీసి అటక మీద డబ్బాలో పడేశాం. సెల్‌ఫోన్ సంగతి అడిగావు, నా దాంట్లో మాటే సరిగ్గా వినపడదు, అది నెట్ ఏం తాగుతుంది?

అయినా తెగింది. తొంభై ఒకటి దగ్గర. తొంభై ఒకటి! ఇంకాస్త ఆగితే దాని సొమ్మేం పోయింది?

కంప్యూటర్ని దుప్పట్లో చుట్టి ఆటోలో నెట్ సెంటర్‌కి కూడా తీసుకెళ్ళాను. "ఇంటి లైన్ మీదే దిగుతుంది అంటోందమ్మా" అని వెనక్కి పంపాడు. నీ భద్రత కోసం ఆటోలో దుప్పటి పట్టుకుని ఊరేగానన్న మాట. తర్వాత లైన్‌మన్‌ని పిలిచాను. పిలిచాక ఎప్పుడొచ్చాడని అడగకు. స్తంభం ఎక్కాడు, దిగాడు, గోడకున్న డబ్బా విప్పాడు, మూశాడు.

"వైరు బంగారంలా ఉందమ్మా. మీ ఇంట్లోనే ఎవరో లైన్ వాడుతున్నారు" అన్నాడు.

"ఇంట్లో ఉండేది ఇద్దరం. నేను పగలంతా షాపులో ఉంటాను. ఆయనకి నోట మాట లేదు. ఇక దెయ్యాలు వాడుతున్నాయా?" అన్నాను.

"నాకేం తెలుసమ్మా, మీ ఇల్లు" అనేసి వెళ్ళిపోయాడు. వాడికి మంచినీళ్ళు ఇచ్చినందుకు కూడా బాధపడుతున్నాను.

నాకు ఒళ్ళు మండిపోతోంది పిచ్చుకా. ఎవరి మీద చూపించను? మీ అన్నయ్య మీద అరిస్తే గోడకేసి చూస్తూ కూర్చుంటారు. ఇదివరకు నేను ఒకటంటే ఆయన రెండనేవారు, పక్కింటివాళ్ళు కిటికీ మూసుకునేవాళ్ళు. గంటలో మళ్ళీ మామూలే. ఇప్పుడు నా మాట నాకే తిరిగి వినపడుతోంది. అలాంటి పోట్లాట ఎంత చేదుగా ఉంటుందో పెళ్ళి కాని నీకు తెలియదు.

మేనేజరు ఇవాళ వీధిలో కనపడి "ఏమ్మా, వచ్చిందా?" అన్నాడు. మైకు ముందుకి కొత్తమ్మాయిని చూసుకున్నాడట. నెలాఖరు దగ్గర పడుతోంది. ఏదో ఒకటి చెయ్.

వదిన

*

ఆఫీసు, నాలుగో అంతస్తు

వదినా,

ఇది చదివాక నువ్వు నా మీద ఇంతెత్తున ఎగురుతావు. ఎగురు. కానీ ముందు చదువు.

మీ లైన్ ఎప్పుడెప్పుడు తెగిందో మా సర్వర్‌లో గుర్తు ఉంటుంది. మా పైవాడు టీకి వెళ్ళినప్పుడు తీసి చూశాను. రాత్రి ఒక్కసారి కూడా తెగలేదు. నీకు ఒంట్లో బాగోక షాపు మానేసిన పూట తెగలేదు. తెగినవన్నీ నువ్వు షాపులో ఉన్న వేళలే. తెగాక కాసేపటికి తనే కలుస్తోంది. వైరు పాడైతే ఇంత పద్ధతిగా పాడవదు.

లైన్‌మన్ చెప్పింది నిజం. నువ్వు లేనప్పుడు ఇంట్లో ఉండేది అన్నయ్య ఒక్కడే. వెళ్ళి అడుగు. తిట్టడం తర్వాత, ముందు అడుగు.

నాకూ కోపంగానే ఉంది. ఇక్కడ నేను ప్రతివాళ్ళనీ బతిమాలి మీ లింకు గడువు పొడిగిస్తుంటే, అక్కడ ఎవరో చేత్తో తెంపుతున్నారంటే కోపం రాదా?

నీ ఆడపడుచు

*

డిపో వెనక వీధి

ఆడపడుచుకి,

నీకు కళ్ళు నెత్తికెక్కాయి. నా మొగుడు దొంగచాటుగా తన గొంతు తనే పిసుక్కుంటున్నాడని రాయడానికి చేతులెలా వచ్చాయి? అన్నయ్య పెంచాడు, పాటలు పాడాడు అని అంత రాశావే, ఇదా నువ్వు ఆయనకి ఇచ్చే మర్యాద? నీ సర్వర్ గుర్తులు నీ దగ్గరే పెట్టుకో. ఆయన నేను బయటికెళ్ళాక కిటికీ దగ్గర కూర్చుని డిపో వైపు చూస్తారు. అంతకు మించి ఏమీ చేయరు, చేయలేరు

పైన రాసింది నిన్నటిది. వాక్యం పూర్తి చేయలేదు. కొట్టెయ్యను కూడా కొట్టెయ్యను. నువ్వు అన్నది నిజమేమోనని అనుకుంటూనే రాశాను, అది నీకు తెలియాలి.

ఇవాళ షాపులో తలనొప్పని చెప్పి మధ్యాహ్నమే వచ్చేశాను. తలుపు చప్పుడు కాకుండా తీశాను, నా ఇంట్లోకి నేనే దొంగలా. ముందు గదిలో లేరు. పడగ్గదిలో బీరువా కాస్త జరిపి ఉంది. దాని వెనక, గోడకున్న పాత ఫోన్ ప్లగ్గు దగ్గర, నేల మీద కూర్చుని ఉన్నారు. అటక మీది ఫోన్ ఒళ్ళో ఉంది. రిసీవర్ చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకున్నారు.

నాకు ఏమనిపించిందో చెప్పనా? ఎవరో ఉన్నారనిపించింది. నవ్వకు. మాట్లాడలేని మొగుడు దాచిపెట్టిన ఫోన్‌లో ఎవరి మాటలు వింటాడు? చేతిలోంచి లాక్కుని నా చెవికి పెట్టుకున్నాను.

"నమస్కారం. బస్ డిపో విచారణ కేంద్రం. మా సిబ్బంది ఇతర ప్రయాణికులతో మాట్లాడుతున్నారు. దయచేసి కాసేపు ఆగండి."

మీ అన్నయ్య. ఎప్పుడో రికార్డు చేసింది, డిపో వాళ్ళు ఇంకా మార్చలేదు. ఆ "ఆగండి" దగ్గర ఎప్పట్లా సాగదీశారు. చివర చిన్న దగ్గు కూడా ఉంది, కోసెయ్యడం మర్చిపోయినట్టున్నారు. అప్పట్లో జలుబనుకున్నాం.

తర్వాత ఎంత కోపం వచ్చిందంటే, ఫోన్ వైరుతో సహా పీకి గోడకేసి కొట్టబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. పలక మీద రాశారు: "తీసేశారా లేదా అని రోజూ చూస్తున్నాను. కొత్తమ్మాయి చేత మళ్ళీ రికార్డు చేయిస్తారట."

"దాన్ని వింటూ, రావాల్సిన దాన్ని మీ చేత్తోనే తెంపుకుంటున్నారు! ఎత్తితే తెగుతుందని తెలుసా మీకు?" అని అరిచాను.

తెలుసన్నట్టు తల ఊపారు. తెలుసట పిచ్చుకా! మొదటిసారి తెలియదట, తర్వాత తెలిసిందట. తెలిసీ ఎత్తారు. నేను అరుస్తూనే ఉన్నాను.

ఫోన్ నా షాపు సంచిలో పడేశాను. కానీ మనిషికే అక్కర్లేని గొంతు దించి ఏం చేసుకోను? ఈసారి నువ్వే తిట్టు. నా వల్ల కాదు.

వదిన

*

ఆఫీసు, నాలుగో అంతస్తు

వదినా,

ఒకే అవకాశం మిగిలింది. ఈ శనివారం పొద్దున కొత్త లింకు పంపుతాను. ఆదివారం సాయంత్రానికి దిగకపోతే మేనేజరు ఇచ్చిన గడువు దాటిపోతుంది. రెండో కాగితం నీకు కాదు, చదవకుండా ఆయనకి ఇవ్వు. చదివే ఇస్తావని తెలుసు.

అన్నయ్యా,

సిగ్గుందా నీకు? వదిన దుప్పట్లో కంప్యూటర్ కట్టుకుని ఆటోలో తిరిగింది. లైన్‌మన్‌తో, మేనేజరుతో, నాతో, లోకంతో గొడవ పడింది. నువ్వు బీరువా వెనక కూర్చుని నీ గొంతు నువ్వే వింటూ మురిసిపోతున్నావు. అది నీకు ఏం జవాబు చెప్పింది? ఎన్నిసార్లు ఎత్తినా "కాసేపు ఆగండి" అనే అంటుంది. వదిన ఎంతసేపని ఆగుతుంది?

ఆమెకి నీ నమస్కారాలు అక్కర్లేదు. రోజూ గొంతు చించుకుని అరుస్తోంది, దానికి ఎదురు మాట కావాలి. అది ఆ డిపో రికార్డు ఇవ్వలేదు. నేను ఇవ్వలేను. నువ్వే ఇవ్వాలి. ఇష్టం లేకపోతే లేదని రాయి, అంతే గానీ దొంగచాటుగా తెంపకు. పిరికివాడి చెల్లెలిగా బతకడం నాకు నామోషీ.

చెల్లెలు

*

ఇంటి నుంచి

చెల్లీ,

నా గొంతు గురించి మీరిద్దరూ కట్టలకొద్దీ ఉత్తరాలు రాసుకున్నారు. నీవి వదిన పెట్టెలో చూశాను. ఒక్క ఉత్తరంలోనైనా "ఆయనకి ఇష్టమో కాదో అడుగుదాం" అని ఉందా? మాట పోయిన మనిషికి మనసు కూడా పోయిందనుకున్నారా?

మీ కంపెనీ పంపిన, రెండు మూడు మాటలు కొట్టి చూసుకునే చిన్న నమూనా నేను విన్నాను. వదిన వినలేదు, నేను వినిపించలేదు. అన్నీ అనౌన్స్‌మెంట్ టేపుల నుంచి చేశారు కదా, ఏం టైప్ చేసినా బస్సు బయలుదేరుతున్నట్టే ఉంది. మంచినీళ్ళు ఇవ్వు అని కొట్టాను. నాలుగో ప్లాట్‌ఫాం మీద నీళ్ళు సిద్ధంగా ఉన్నాయన్నట్టు వినపడింది. ఆ గొంతుతో పెళ్ళాన్ని ఎలా పిలవాలి? నవ్వుతుంది. లేదా ఏడుస్తుంది. ఈ రెండూ చూడలేక తెంపాను. పిరికితనమే. నువ్వు అననక్కర్లేదు, నాకు తెలుసు.

కానీ "ఎంతసేపని ఆగుతుంది" అన్న మాట తగిలింది. శనివారం లింకు పంపు. కంప్యూటర్ ముందు నేనే కూర్చుంటాను. ఇంకెవ్వరూ దాన్ని ముట్టుకోవద్దు, నువ్వు గానీ మీ వదిన గానీ. ఇది నా పని.

అన్నయ్య

*

డిపో వెనక వీధి

పిచ్చుకా,

దిగింది. ముందు ఆ మాట రాయకపోతే నువ్వు మిగతాది చదవవు.

శనివారం పొద్దున మొదలుపెట్టి కుర్చీ దిగలేదు మహానుభావుడు. భోజనం కూడా అక్కడే. నేను దగ్గరికెళ్తే చెయ్యి అడ్డం పెడతారు, నేనేదో ఊది ఆర్పేస్తానన్నట్టు. ఆదివారం ఒక మనిషి వచ్చాడు, కరెంటు మీటరు మారుస్తాడట, కాసేపు మెయిన్ ఆపాలట. ఇన్నాళ్ళూ రాని మనిషికి ఆదివారమే దొరికింది! నేను నోరు తెరిచేలోపే మీ అన్నయ్య వెళ్ళి మీటరు పెట్టె ముందు రెండు చేతులూ చాపి నిలబడ్డారు. వాడు "ఐదు నిమిషాలే సార్" అని నవ్వాడు. ఈయన పలక మీద "ముట్టుకుంటే ఊరుకోను" అని రాసి వాడి మొహానికి పెట్టారు. వాడు పలక చదివాడు, ఆయన మొహం చూశాడు, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆపరేషన్ తర్వాత ఆయన్ని అంత కోపంగా చూడటం అదే మొదలు. నాకెంత బాగుందో చెప్పలేను.

సాయంత్రానికి గీత చివరికొచ్చింది. ఆయనే ఫైలు విప్పారు, ఏవో అడిగితే సరే సరే అని నొక్కారు. కుర్చీ ముందుకి జరుపుకుని, నన్ను వంటగదిలోకి పొమ్మని సైగ చేశారు. వెళ్ళాను. గిన్నెలు కడుగుతున్నట్టు నీళ్ళు తిప్పి, చెవులు మాత్రం అక్కడే పెట్టాను.

"గమనిక. నా. ఫోన్. ఎక్కడ. దాచావు."

నిజం, గమనిక అనే అన్నారు! తర్వాత అడిగితే, అలవాటుగా టైప్ చేశానని రాశారు. సబ్బు చేతులతో అలాగే పరిగెత్తుకొచ్చాను.

"దాచాను. ఇవ్వను. ఏం చేస్తారు?" అన్నాను.

టకటకా కొట్టారు. "అది. నా. ఫోన్. నువ్వు. మొండి. మనిషివి."

"నేను మొండిదాన్నా? బీరువా వెనక దాక్కున్నది ఎవరు?"

"అడగకుండా. లాక్కున్నది. ఎవరు."

ఏం గొంతు అది పిచ్చుకా, నాలుగో ప్లాట్‌ఫాం మీద నుంచి తిడుతున్నట్టే ఉంది. ప్రతి తిట్టు చివరా సాగదీస్తుంది. నవ్వొస్తుందనీ ఏడుపొస్తుందనీ ఆయన భయపడ్డారట. రెండూ రాలేదు. ఒళ్ళు మండింది. చేసిందంతా చేసి నన్ను మొండిదానివంటారా? నేను మొదలుపెట్టాను, ఆయన ఆపలేదు. టైప్ చేసేదాకా నేను ఆగాలి, అది ఒక్కటే చిక్కు. మధ్యలో దూరుదామంటే కుదరదు. పక్కింటావిడ తలుపు తట్టి "అంతా బాగానే ఉందా?" అంది. బ్రహ్మాండంగా ఉందని తలుపేసేశాను.

సోమవారం మళ్ళీ కంప్యూటర్ని దుప్పట్లో చుట్టుకుని డిపోకి వెళ్ళాం. మేనేజరు మూతి ముడుచుకుని, కంప్యూటర్ డబ్బా ముందు మైకు పెట్టించాడు. ఈయన టైప్ చేశారు. గొంతు డిపో అంతా మోగింది. టీ తాగుతున్న డ్రైవర్లు గ్లాసులు దించారు. ఒక ముసలి కండక్టరు పరిగెత్తుకొచ్చి గది తలుపు తోసి, లోపల కూర్చున్న మనిషిని చూసి అక్కడే నిలబడిపోయాడు. మేనేజరు "సరే, చూద్దాం" అన్నాడు. చూసేదేముంది, మధ్యాహ్నం నుంచి కుర్చీ ఆయనదే. కొత్తమ్మాయికి టికెట్ కిటికీ ఇచ్చారు, దానికి ఆ అమ్మాయికి నా మీద కోపంగా ఉంది. ఉండనీ.

నీ మీద నాకు ఇంకా కోపం ఉంది. ఆ నమూనా సంగతి నాకు చెప్పకుండా ఆయనొక్కరికే పంపినందుకు. దాని గురించి తర్వాత రాస్తాను, ఇప్పుడు కుదరదు. లోపల నుంచి పిలుస్తున్నారు. "వంటగదిలో. ఉన్న. వారు. వెంటనే. రావలెను." ఏదో కనపడటం లేదట. మూడోసారి. వస్తున్నానని చెప్పొచ్చు, చెప్పడం లేదు. పిలవనీ.

వదిన